అల్లుడి సాలరీ సర్టిఫికెట్

“ఏవండీ... ఆ ఫోను ఎత్తకండి! బావగారు చేస్తున్నారు. నేను మాట్లాడతాను!”

తడి జుట్టు తుడుచుకుంటూనే గదిలోంచి పరుగెత్తుకొచ్చింది మణికుమారి. బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది. దాని మీదికి చెయ్యి చాచిన ఇమ్మానియేలు ఆ కేక వినగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోపం లేదు, చిరాకు లేదు... వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీది చేపల పులుసులో ఉప్పు చూసుకున్నాడు. ఊరి నుంచి వచ్చే ఫోన్లు అతను ఎత్తకూడదన్నది ఒమాన్‌లో, సమాయిల్ ఆస్పత్రి పక్కనున్న ఆ చిన్న క్వార్టర్‌లో ఎప్పటినుంచో ఉన్న నియమం. ఆ నియమం పెట్టింది మణికుమారే.

అవతల ఉన్నది రత్నరాజు, మణికుమారి అక్క సువార్త భర్త. పాలకొల్లులో ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేస్తుంటాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గల్ఫుకి వెళ్ళిన నర్సమ్మలందరి కాగితాలూ ఆయన దగ్గరే ఉంటాయి. మరదలి పనీ, తోడల్లుడి పనీ మాత్రం ఒక్క పైసా పుచ్చుకోకుండా చేస్తాడు!

“అమ్మాయ్ మణీ, బాగున్నారా? తమ్ముడు డ్యూటీలో ఉన్నాడా?”

“ఆఁ... అవునండీ బావగారూ. ఇవాళ శుక్రవారం సెలవైనా రమ్మన్నారు కంపెనీ వాళ్ళు,” అంది మణికుమారి. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

“సరే విను, కంగారు పడకు. ఇన్‌కంటాక్స్ వాళ్ళు తమ్ముడి పేరున నోటీసు పంపారు. ఇక్కడ మీరు ఇల్లు కొనడానికి అంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతున్నారు. ఒమాన్‌లో జీతమని మనం రాశాం కదా. బయటి దేశంలో ఉన్నవాళ్ళు అక్కడ సంపాదించిన జీతానికి ఇక్కడ పన్ను లేదు. ఆ జీతం నిజంగా ఉందని చూపిస్తే చాలు, ఫైలు మూసేస్తారు. కంపెనీ వాళ్ళ సాలరీ సర్టిఫికెట్టూ, జీతం పడే బ్యాంకు స్టేట్‌మెంటూ పంపించెయ్.”

“ఒకవేళ... చూపించలేకపోతే బావగారూ?”

“అదేం మాటమ్మాయ్? చూపించకపోతే ఆ డబ్బంతా దొంగడబ్బని ముద్ర వేస్తారు! పన్ను, దాని మీద వడ్డీ, పైన పెనాల్టీ... ఇల్లు అమ్మి కట్టినా చేతికేమీ మిగలదు. కాగితం ముక్కేగా, తమ్ముడికి చెప్పి ఈ నెలలో పంపించు. ఉంటాను మరి.”

ఫోను పెట్టేశాక కూడా మణికుమారి దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడిపోయింది. కాగితం ముక్కేనట! ఆ కాగితం ఇవ్వడానికి కంపెనీ ఉండాలి కదా! ఇమ్మానియేలు ఏ కంపెనీలోనూ పని చెయ్యడంలేదు. ఒమాన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి ఈ రెండువేల పదిహేను ఆగస్టు దాకా అతను జీతమన్నది ఎరగడు.

అసలు పాలకొల్లులో అతనికి ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళకీ, బాప్తిస్మాలకీ, స్కూలు పిల్లల గ్రూపు ఫోటోలకీ అతన్నే పిలిచేవారు. ప్రతి జేబులోకీ కెమెరా ఫోను వచ్చాక స్టూడియో మెట్లెక్కేవాళ్ళు తగ్గిపోయారు. అప్పటికే మణికుమారి ఒమాన్‌లో స్టాఫ్ నర్సు. ఫేబా పుట్టింది. చంటిపిల్లను వదిలి నైట్ డ్యూటీలకు వెళ్ళలేక, ఉద్యోగం మానలేక, ఆమె ఫోనులో ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు! “ఏడవకు మణీ, నేనొచ్చేస్తాను. పిల్లని నేను చూసుకుంటాను,” అన్నాడు ఇమ్మానియేలు. నర్సు కనక భర్తను తన వీసా మీద తెచ్చుకునే వీలు ఆమెకు దొరికింది. దాన్ని జాయినింగ్ వీసా అంటారు. అలా వచ్చినవాళ్ళు ఇంట్లో ఉండాల్సిందే, ఉద్యోగం చెయ్యడానికి లేదు. అది తెలిసే అతను స్టూడియో తాళం ఇంటిగలవాళ్ళకి అప్పగించి విమానమెక్కాడు.

ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? ఏమీ లేదు! కానీ మణికుమారి సిగ్గుపడింది. ఆమె తండ్రి మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, చర్చి సంఘంలో పెద్ద. “ఫోటోలు తీసేవాడికి పిల్లనివ్వడమా?” అని పెళ్ళికి ముందు ఆయన అన్న మాట ఆమె మరిచిపోలేదు. అల్లుడేం చేస్తున్నాడని ఆయన ఫోనులో అడిగినప్పుడు, “మస్కట్‌లో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నారు నాన్నా, నాకంటే ఎక్కువే జీతం,” అనేసింది. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఆయన సంతోషించారు. మరుసటి ఆదివారమే ఆరాధనలో సంఘమంతటికీ చెప్పుకుని, అల్లుడి ఉద్యోగం కోసం స్తుతి ప్రార్థన కూడా చేయించారు. ఇక వెనక్కి తిరగడానికి దారెక్కడుంది?

సెలవులకు ఊరు వెళ్ళినప్పుడల్లా విమానంలోనే పాఠం మొదలయ్యేది. కంపెనీ ఎక్కడని అడిగితే ఇలా చెప్పండి, జీతం సంగతి వస్తే నవ్వి ఊరుకోండి, మిగతాది నేను చూసుకుంటాను... “నిజం చెబితే ఏమవుతుంది మణీ?” అని ఒక్కసారి అడిగాడు ఇమ్మానియేలు. “మా నాన్న ముందు నన్ను తల దించుకోమంటారా?” అంది ఆమె. అతను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇల్లు కొన్నప్పుడు ఆ అబద్ధానికి ఇంకో అంతస్తు లేచింది. డబ్బంతా మణికుమారిదే, అన్నీ నైట్ డ్యూటీలు చేసి కూడబెట్టిందే! నేరుగా తన ఖాతా నుంచి కట్టేస్తే పోయేది. అలా కడితే బావగారికి తెలిసిపోదూ? అందుకని తన డబ్బు ముందు భర్త ఖాతాలోకి పంపి, అక్కణ్ణుంచి ఇల్లు అమ్మినవాళ్ళకు కట్టించింది. రిజిస్ట్రేషనూ అతని పేరునే, ఇంటి మీద వచ్చే అద్దే అతని లెక్కలోకే! “అల్లుడు ఇల్లు కొన్నాడు” అని వీధి వీధంతా చెప్పుకుంటుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. ఒమాన్‌లో జీతాల మీద పన్నే లేదు కనక పన్ను అనేదొకటి ఎక్కణ్ణుంచో వచ్చి తన గుట్టు అడుగుతుందని ఆమెకు తోచనే లేదు.

ఇప్పుడా ఇల్లే పోయేలా ఉంది. ఒమాన్ ఆడపిల్లలే నర్సింగ్ చదివి వార్డుల్లోకి వస్తున్నారు. పాతవాళ్ళ కాంట్రాక్టులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. రేపు తన వీసా రెన్యువల్ కాకపోతే ముగ్గురూ వెళ్ళి తలదాచుకోవాల్సింది ఆ ఇంట్లోనే!

ఇమ్మానియేలు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఫోనులో మాటలన్నీ అతనికి వినబడ్డాయి.

“నిజం చెప్పేద్దాం మణీ. డబ్బు నీదేనని చెబితే సరిపోతుందేమో...”

“వద్దు! మీకు దణ్ణం పెడతాను, ఆ మాట అనకండి!” ఆమె అతని చేతులు పట్టుకుంది. “మస్కట్ హమ్రియాలో ఖమరుద్దీన్ భాయ్ ఉన్నాడు కదా. పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాడు. ఆయన భార్య అక్తరీ బేగం కాన్పుకి రెండ్రోజులు నేను పక్కనే ఉన్నాను. నా మాట తీసెయ్యడు. మీరు ఆయన దగ్గర పని చేస్తున్నట్టు ఒక్క కాగితం రాసిమ్మందాం... ఒక్క కాగితమండీ!”

అతను చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. “సరే. నీ ఇష్టం,” అన్నాడు.

రెండ్రోజులాగి ఫేబాను స్కూలు బస్సెక్కించి ఇద్దరూ హమ్రియా వెళ్ళారు. ఇరుకు సందులో, కింద కిరాణా కొట్టు, పైన ఖమరుద్దీన్ ఆఫీసు గది. గదిలో సగం రంగు డబ్బాలే. నిజామాబాద్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు ఖమరుద్దీన్. మణికుమారిని చూడగానే లేచి నిలబడి, కుర్చీ తుడిచి వేశాడు. పాలు లేని సులేమానీ చాయ్ తెప్పించాడు. చెప్పిందంతా విన్నాడు. వింటున్నకొద్దీ అతని ముఖంలో మర్యాద అలాగే ఉంది కానీ సంతోషం పోయింది.

“సిస్టర్, మీరడిగితే పానమిస్త. గీ కాయితం మాత్రం నాతోని గాదు.”

“అలా అనకు భాయ్... ఊళ్ళో చూపించడానికే! ఇక్కడ ఎవరికీ తెలియదు.”

“తెల్వకుంట ఎట్ల ఉంటది సిస్టర్? భాయ్ మీ వీసా మీద వచ్చిండు. ఆయన నా దగ్గర జీతం తీస్తున్నడని నేను కంపెనీ మొహర్ గొట్టి ఇస్తే, ఇక్కడ చోరీగ పని జేస్తున్నడని నేనే రాసిచ్చినట్టు. పట్టుకున్నరంటె ఆయన్ని ఇంటికి తోలుతరు. స్పాన్సర్ ఎవరు? మీరు! మీ నౌకరీ గూడ పోతది.” అతను ఇమ్మానియేలు వైపు తిరిగాడు. “భాయ్, మీరన్న సిస్టర్‌ను సమ్‌జాయించుండ్రి. మీరు ఇంట్ల ఉంటున్నరని చెప్తే ఏమైతది? దొంగతనం జేసిన్రా, ఖూన్ జేసిన్రా?”

మణికుమారి తలెత్తలేకపోయింది. ఊరి కోసం ఆడిన అబద్ధం ఒమాన్‌లో నేరమట! అక్కడ ఉద్యోగం ఉందని నిరూపించుకోవాలి, ఇక్కడ ఉద్యోగం లేదని నిరూపించుకోవాలి! పైగా ఒక పరాయి మనిషి ముందు, భర్తను పక్కన కూర్చోబెట్టుకుని, అతనికి లేని ఉద్యోగాన్ని అడుక్కోవడానికి వచ్చింది! చాయ్ ముట్టుకోకుండానే లేచింది. ఇమ్మానియేలు మాత్రం తన చాయ్ పూర్తిగా తాగి, “షుక్రియా భాయ్, మీరు చెప్పింది నిజమే,” అని చెప్పి వచ్చాడు.

టాక్సీలో వెనక సీట్లో ఆమె ముఖం చున్నీలో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతను ఓదార్చలేదు. అలా జరగడం అదే మొదటిసారి! కొండల మధ్య రోడ్డు వంపులు తిరుగుతుంటే కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

“ఏమైనా అనండి... తిట్టండి...”

“తిట్టడానికేముంది మణీ? ఆ గదిలో నేను నీ పక్కనే కూర్చున్నాను. నా గురించి అంతసేపు మాట్లాడావు. ఒక్కసారైనా నా వైపు చూశావేమోనని చూస్తున్నాను. చూళ్ళేదు.”

సమాయిల్‌లో టాక్సీ ఆగగానే అతను దిగి, ఫేబా బస్సు ఆగే చోటికి నడిచాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మణికుమారి డ్యూటీకని యూనిఫాం వేసుకుని తలదువ్వుకుంటుండగా ఫోను మోగింది. బావగారే! ఆమె దువ్వెన పడేసి వచ్చేసరికి ఇమ్మానియేలు ఫోను ఎత్తేశాడు. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. ఆమె రెండు చేతులతోనూ వద్దని సైగ చేసింది. అతను చూసీ ఆగలేదు.

“తమ్ముడూ, నువ్వేనా? ఎన్నాళ్ళకి దొరికావయ్యా!” రత్నరాజు గొంతులో సంతోషం. “మావయ్యగారు కూడా ఇక్కడే ఉన్నారు. కాగితాలు తయారా?”

“కాగితాలు లేవు అన్నయ్యగారూ. రావు కూడా. నాకు ఏ కంపెనీలోనూ ఉద్యోగం లేదండి. ఎప్పుడూ లేదు. ఇల్లు కొన్న డబ్బంతా మణిది.”

అవతల ఫోను చేతులు మారింది. తర్వాత హెడ్మాస్టరుగారి గొంతు వినిపించింది. “ఏమిటీ? ఏమంటున్నావు అబ్బాయ్? మరి అమ్మాయి ఇన్నాళ్ళూ మాతో చెప్పిందీ...”

“నేనే చెప్పించానండి మావయ్యగారూ! నా పరువు పోతుందని... తనకి ఇష్టం లేకపోయినా బలవంతపెట్టి చెప్పించాను. తన తప్పేమీ లేదండి.”

మణికుమారి సైగ చేస్తున్న చేతులు దించేసింది. ఏమిటీ మనిషి? ఏం మాట్లాడుతున్నాడు?

“ఛీ! నువ్వు మనిషివేనా?” అరిచారు పెద్దాయన. “రాత్రీ పగలూ రోగుల మధ్య నిలబడి అది సంపాదిస్తుంటే, ఇంట్లో కూర్చుని తిన్నది చాలక, దాని చేత అబద్ధాలాడించి, దాని డబ్బుతో నీ పేరున ఇల్లు కూడా రాయించుకున్నావా! సంఘంలో నీ కోసం లేచి ప్రార్థన చేశానయ్యా! దేవుడి ఎదుట నన్ను అబద్ధికుణ్ణి చేశావు కదా... నా కూతుర్నీ, మనవరాల్నీ నా దగ్గరికి పంపించెయ్! నీలాంటివాడి నీడ కూడా వాళ్ళమీద పడకూడదు!”

ఒక్క మాట చాలు. “నాన్నా, అది నేను” అంటే చాలు! మణికుమారి నోరు తెరిచింది. తెరిచి... మూసుకుంది! ఎవరి బిడ్డకో రక్తం అవసరమైతే అర్ధరాత్రి డాక్టరుతో వాదించి తెప్పించే మనిషి, కన్నతండ్రి ముందు తన తప్పు తాను ఒప్పుకోలేక గోడకి ఆనుకుని నిలబడిపోయింది. లోపల ఎక్కడో ఒక మూల, చెప్పుకోవడానికి కూడా సిగ్గుచేటు, ‘పోనీలే, నాన్న నన్నేమీ అనుకోరు’ అన్న చిన్న ఊరట కూడా కలిగింది! ఆ ఊరటను తనే చూసుకుంది. చూసుకుని హడలిపోయింది.

“అలాగేనండి. మీరన్నది నిజమేనండి,” అని ఇమ్మానియేలు ఫోను కట్టేశాడు. ఆమె చేతిలో పెట్టాడు.

“అయిపోయింది మణీ. ఇల్లు ఎలా నిలబెట్టాలో ఇక మీ బావగారు చూసుకుంటారు. నీ మాటకేమీ పోలేదు. ఫేబా బస్సొచ్చే వేళైంది, వెళ్ళొస్తాను,” అంటూ చెప్పులేసుకున్నాడు.

తలుపు మూసుకుంది. ఆ ఇంట్లో ఒక్కర్తే మిగిలింది మణికుమారి. తను వేసుకున్న తెల్లటి యూనిఫాం వైపు చూసుకుంది. ఇస్త్రీ చేసింది ఎవరు? నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటే కిటికీలకు దుప్పట్లు కట్టి, పిల్ల ఏడుపు వినబడకుండా బయట ఎండలో ఎత్తుకుని తిరిగింది ఎవరు? ఫేబాకు న్యుమోనియా వచ్చినప్పుడు వార్డులో నేల మీద కూర్చుని పాట పాడి నిద్రపుచ్చింది ఎవరు? ఆ పాటలోని చరణాలన్నీ అతనికి వచ్చని అప్పటిదాకా ఆమెకే తెలియదు! పరీక్ష రాసి ఆమె సీనియర్ అయిందంటే, ఆ ఏడాదంతా అతను పుస్తకం పట్టుకుని ప్రశ్నలడగడం వల్ల కాదూ? ఇన్ని చేసిన మనిషికి పరిచయంగా ఆమె ఇచ్చిందేమిటి? లేని ఆఫీసులో లేని కుర్చీ! తండ్రి తిట్టిన తిట్లు కొత్తవేమీ కావు... అవన్నీ తన మనసులో ఉన్నవే. అతను పనికిరానివాడని మొదట అనుకున్నది తను! అనుకోకపోతే దాచి ఉండేదా?

ఆమె ఏడుస్తూనే ఫోను తీసి పాలకొల్లు నంబరు నొక్కింది. వార్డుకి ఆలస్యమవుతుందని తెలుసు. అయినా నొక్కింది.

“నాన్నా... ఆయన చెప్పింది అబద్ధం.”

“మళ్ళీ ఏమిటమ్మా? బెదిరిస్తున్నాడా నిన్ను?”

“లేదు నాన్నా! ఆయన బెదిరించడమేమిటి... ఆయన గొంతెత్తి మాట్లాడితే వినాలని ఉంది నాకు! ఉద్యోగం ఉందని చెప్పింది నేను. నా అంతట నేనే. ఆయన వద్దన్నారు. నిజం చెప్పేద్దామన్నారు. నేనే చెప్పనివ్వలేదు. ఇల్లు ఆయన పేరున రాయించిందీ నేనే. ఇందాక మీరు తిడుతుంటే పక్కనే ఉన్నాను నాన్నా... అన్నీ విన్నాను. విని నోరు మూసుకున్నాను!”

“ఎందుకమ్మా?” పెద్దాయన గొంతు పూర్తిగా దిగిపోయింది. “ఎందుకలా చేశావు?”

“మీరు సిగ్గుపడతారని...”

ఫోనులో పక్కనెక్కడో అక్క సువార్త ఏడుస్తోంది. “నేను అనబట్టే కదమ్మా,” అన్నారాయన. “ఫోటోలు తీసేవాడని... నేను అనబట్టే కదా!”

రత్నరాజు ఫోను అందుకున్నాడు. ఆయన కోప్పడలేదు, కోప్పడితేనే బాగుండేదనిపించింది మణికుమారికి. “అమ్మాయ్... ఈ ముక్క నాకు మొదటే చెప్పి ఉంటే నోటీసుకి జవాబు ఒక్క పేజీ కదమ్మా! నీ జీతానికి ఇక్కడ పన్ను లేదు. భార్య భర్తకి డబ్బిస్తే దానికీ పన్ను లేదు. ఆ ఇంటి అద్దె మాత్రం అతని లెక్కలోంచి తీసి నీ లెక్కలో కలపాలి. దానికి కాస్తో కూస్తో పడుతుంది, అంతే. నువ్వు ఎంబసీకి వెళ్ళి, డబ్బు నాదే, నా భర్తకి సంపాదన లేదు అని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి పంపు. నీ సాలరీ సర్టిఫికెట్ జతచెయ్. ఇంటికి ఏ ఢోకా ఉండదు.”

నిజానికి పన్నే లేదట! ఇన్నేళ్ళూ ఆమె ఇల్లంతా తాకట్టు పెట్టి కాపాడుకున్నది ఒక అబద్ధాన్నట! మణికుమారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“అల్లుణ్ణి పిలు తల్లీ,” అంటున్నారు తండ్రి. “నేనొకసారి మాట్లాడాలి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను...”

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఇమ్మానియేలు లోపలికి వచ్చాడు, ఒక భుజాన స్కూలు సంచీ, ఇంకో చేత్తో ఫేబా. భార్య ముఖం చూడగానే అతనికి అర్థమైపోయింది.

“చెప్పేశాను,” అంది ఆమె. “అంతా చెప్పేశాను. నాన్న మీతో మాట్లాడతారట...”

అతను కింద కూర్చుని ఫేబా బూట్ల తాళ్ళు విప్పసాగాడు. రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు.

“ఇప్పుడు కాదు మణీ. తిట్లు ఇవాళే పడ్డాను. క్షమాపణ కూడా ఇవాళే పడలేను. రేపో ఎల్లుండో నేనే చేస్తానని చెప్పు.”

ఆమె ఆ మాటే తండ్రికి చెప్పి ఫోను పెట్టేసింది. అతని పక్కన నేల మీద కూలబడి మోకాలి మీద తల ఆనించింది. “నన్ను క్షమించండి...”

“కోపం లేదని చెప్పను,” అన్నాడు అతను నెమ్మదిగా. “ఇంట్లో ఉండటం నాకెప్పుడూ కష్టంగా లేదు మణీ. పిల్ల నా చేతుల్లో పెరిగింది, నాకదే గొప్ప. నువ్వు నన్ను దాచుకున్నావే... అది కష్టంగా ఉండేది. ఒక్కటి చేసిపెట్టు. నేనేం చేస్తున్నానో ఇక ఎవరికీ నువ్వు చెప్పకు. నిజమైనా సరే, చెప్పకు. అడిగినవాళ్ళకి నేను చెప్పుకుంటాను.”

ఆమె తలూపింది. ఫేబా మధ్యలో దూరి, “అమ్మా, నువ్వు డ్యూటీకి వెళ్ళలేదా?” అని అడిగింది.

మరుసటి వారం ముగ్గురూ మస్కట్‌లో ఇండియన్ ఎంబసీకి వెళ్ళారు. పొద్దున్నే అయినా హాలు నిండిపోయింది. పాస్‌పోర్టుల వాళ్ళు, పుట్టిన పిల్లల పేర్లు రాయించేవాళ్ళు, పవరాఫ్ అటార్నీల వాళ్ళు... మణికుమారి ఫైలు పట్టుకుని వరసలో నిలబడింది. ఆమె వెనకే ఫేబాను ఎత్తుకుని ఇమ్మానియేలు. అతని వెనక ఎండకి కమిలిన ముఖాలతో ఇద్దరు మనుషులు, తెలుగులో మాట్లాడుకుంటున్నారు.

“అన్నా, తెలుగోళ్ళేనా? ఏ ఊరు?” వాళ్ళలో పెద్దవాడు పలకరించాడు.

“పాలకొల్లండి.”

“మాది జగిత్యాల దిక్కు. నా పేరు దేవయ్య, గీయన భూమేశ్. బహ్లాల సైట్ మీద జేస్తున్నం. నువ్వే కంపెనీల జేస్తున్నవ్?”

మణికుమారికి కంపెనీ పేరు, ఆఫీసు ఉన్న వీధి, అన్నీ వరసగా నాలుక చివరికి వచ్చేశాయి. పాడు అలవాటు! పెదవి కొరుక్కుంది.

“కంపెనీ ఏం లేదండి,” అంటున్నాడు ఇమ్మానియేలు. “మా ఆవిడ సమాయిల్‌లో నర్సు. నేను ఇంట్లో ఉంటాను. వంట చేస్తాను, పాపని చూసుకుంటాను.”

“ఇంట్లనా?” దేవయ్య గట్టిగా నవ్వాడు. “ఏ భూమేశూ, ఇన్నవా? అన్నకు వంట డ్యూటీ అట!” భూమేశ్ కూడా నవ్వాడు. ముందు నిలబడిన ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. మణికుమారి చెవులు వేడెక్కాయి. నెల రోజుల కిందట అయితే ఆమె అక్కడే కుప్పకూలి ఉండేది! ఇప్పుడు కూడా సిగ్గు వేసింది... అబద్ధమెందుకు, చాలా సిగ్గు వేసింది. ఇన్నేళ్ళూ ఆ నవ్వే తన లోపలా ఉందని గుర్తుపట్టినందుకు వేసిన సిగ్గు అది.

ఇమ్మానియేలు కూడా కొంచెం నవ్వాడు. “అవునండి. లీవు కూడా ఉండదు ఈ డ్యూటీకి,” అన్నాడు.

దేవయ్య నవ్వు ఆపి, ఫేబా వైపు చూశాడు. ఆ పిల్ల తండ్రి మెడ చుట్టూ చేతులేసి నిద్రకళ్ళతో ఉంది. “నవ్విన్నని ఏమనుకోకు అన్నా,” అన్నాడు గొంతు తగ్గించి. “మా బిడ్డ కవితకు నేను ఫోన్ల మనిషినే. ఇంటికి వోతే మూడు రోజులు దగ్గరికే రాదు.”

మణికుమారి వంతు వచ్చింది. కౌంటరులో ఉన్నాయన కాగితాలు తిరగేశాడు, పాస్‌పోర్టులు చూశాడు, ఆమె వీసా చూశాడు. “ఆప్ స్పాన్సర్ హై?” అన్నాడు. ఆమె అవునంది. సంతకం పెట్టాల్సిన చోటు చూపిస్తూ, “ఔర్ హస్బెండ్ క్యా కామ్ కర్తే హై?” అని భర్త చేసే పనేమిటో ఆమెనే అడిగాడు.

వరస అంతా వింటోందని ఆమెకు తెలుసు. దేవయ్య వింటున్నాడు, భూమేశ్ వింటున్నాడు. జవాబు ఆమెకు తెలుసు, నిజమైన జవాబే. అయినా చెప్పలేదు. పక్కకు జరిగి, కౌంటరు ముందు భర్త నిలబడటానికి చోటు ఇచ్చింది. అతని ముఖంలోకి నేరుగా చూసింది.

“ఆయన ఇక్కడే ఉన్నారండి,” అంది హిందీలో. “ఆయన్నే అడగండి.”

ఇమ్మానియేలు కళ్ళు చెమర్చాయి. నిద్రపోతున్న ఫేబాను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని, భార్య పక్కకు వచ్చి నిలబడి, తన పని ఏమిటో తనే చెప్పాడు.